సోనిక్స్ ఎవరి బ్యాండు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే రేవు పట్టణంలో 1960లో పుట్టి, ఆ దశాబ్దం ముగియకముందే చెదిరిపోయిన సోనిక్స్ అనే రాక్ బ్యాండు గురించి ఇవాళ ఎవరు రాసినా దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు: పంక్ అనే మొరటు, వేగవంతమైన రాక్ సంగీతం పుట్టడానికి పదేళ్ల ముందే పంక్ వాయించినవాళ్లు వీళ్లు అని. ఆ మాటలో గౌరవం ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ 2008 అక్టోబరు 31 రాత్రి సియాటిల్‌లోని పారమౌంట్ థియేటరులో ఆ బ్యాండు ముప్ఫై ఆరేళ్ల తరువాత మళ్లీ ఆ నగరంలో వేదిక ఎక్కినప్పుడు, నా చుట్టూ ఉన్న పెద్దవయసు శ్రోతలు తమలో తాము చెప్పుకున్న సంగతులు విన్నాక, ఆ మాట అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తోందని నాకు గట్టిగా అనిపించింది. వాళ్లలో ఒక్కరి నోటా పంక్ అన్న మాట రాలేదు. తాము పదహారు, పదిహేడేళ్ల వయసులో శుక్ర, శనివారాల రాత్రులు వెళ్లి డాన్సు చేసిన హాళ్ల గురించే వాళ్లు మాట్లాడుకున్నారు. సోనిక్స్ మొదటి నుంచీ ఒక డాన్సు బ్యాండనీ, దాన్ని తయారుచేసింది ఆ హాళ్లూ వాటికి వచ్చిన పిల్లలూ అనీ, ఈ విషయంలో విమర్శకులు రాసిన చరిత్ర కంటే అభిమానుల జ్ఞాపకమే నిజానికి దగ్గరగా ఉందనీ నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను ఆ హాళ్లను చూసినవాణ్ణి కాను. ఉద్యోగం కోసం ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన వేలాది తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. మనవాళ్లు ఎక్కువగా సియాటిల్‌కు తూర్పున బెల్‌వ్యూ, రెడ్మండ్ వైపు ఉంటారు. నేను దక్షిణాన, టకోమాకు దగ్గరలో ఇల్లు తీసుకోవడం వల్ల ఆ ఊరిలోనే పుట్టి పెరిగి రిటైరైన ఒక జంట నాకు ఇరుగుపొరుగయ్యారు. సోనిక్స్ రికార్డులు నేను అప్పటికే వినివున్నాను గానీ, వాటిని ఏ దేశంలో కూర్చుని అయినా వినగలిగే ధ్వనిగానే విన్నాను. ఆ పాటలకు ఒక చిరునామా ఉందని తెలిసింది ఈ దంపతుల వల్లనే. ఆ రాత్రి వాళ్లతో కలిసి పారమౌంట్‌కు వెళ్లాను.

ముందుగా ఆ హాళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే మిగిలినదేదీ అర్థం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇరవయ్యొక్క ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. కాబట్టి బార్లు, మద్యం దొరికే క్లబ్బులు హైస్కూలు పిల్లలకు మూసుకుపోయిన తలుపులు. అయితే 1960ల మొదట్లో ఈ ప్రాంతంలో పిల్లలకు కొదవ లేదు. యుద్ధం తరువాత పుట్టిన తరం ఒక్కసారిగా యుక్తవయసుకు వచ్చింది; బోయింగ్ కర్మాగారాలు, కాగితం మిల్లులు, రేవు పనులు కుటుంబాలకు స్థిరమైన జీతాలిచ్చాయి; టకోమా పక్కనే ఫోర్ట్ లూయిస్ సైనిక శిబిరం, మెక్‌కార్డ్ వైమానిక స్థావరం ఉండడంతో యువ సైనికులూ ఉండేవారు. వీళ్లందరి కోసం స్కేటింగ్ రింకులు, ఆర్మరీలనే సైనిక శిక్షణ భవనాలు, చర్చి హాళ్లు, పల్లెల్లో రైతు సంఘాల హాళ్లు వారాంతాల్లో డాన్సు హాళ్లుగా మారేవి. సియాటిల్‌కూ టకోమాకూ మధ్య పాత 99వ నంబరు రహదారి మీద ఉండిన స్పానిష్ కాజిల్ వీటన్నిటిలో పేరున్నది. సియాటిల్‌లో పుట్టిన గిటారిస్టు జిమి హెండ్రిక్స్ తరువాత తన పాట ఒకదానికి ఆ పేరే పెట్టుకున్నాడు. ఆ భవనాన్ని 1968లో కూల్చేశారు. కేజేఆర్ రేడియోలో పాటలు వినిపించే పాట్ ఓడే అనే డిస్క్ జాకీయే ఈ డాన్సులను నడిపించిన పెద్ద నిర్వాహకుడు కూడా కావడంతో, రేడియోలో విన్న పాటకు శనివారం రాత్రి అడుగులు వేయడం ఇక్కడి పిల్లలకు వారపు జీవితంలో భాగమైంది.

ఇక ఆ ధ్వని గురించి. విమర్శకులు సోనిక్స్ అరుపును, గిటారు గరగరను, డ్రమ్ముల మోతను తిరుగుబాటుగా వర్ణిస్తారు. డాన్సు హాలులో నిలబడి ఆలోచిస్తే దానికి ఇంకా మామూలు కారణం కనిపిస్తుంది. వందల మంది చెక్క నేల మీద ఒకేసారి ఎగురుతుంటే, నేటి సౌండ్ సిస్టమ్‌లు లేని ఆ రోజుల్లో, పాట వెనక వరసదాకా చేరాలంటే ఆంప్లిఫయర్లను వాటి శక్తికి మించి తిప్పడం తప్ప వేరే దారి లేదు. అలా తిప్పినప్పుడు స్వరం చీలి గరగరలాడుతుంది. లారీ పరిపా గిటారులో ఆ చీలిక ఉంది. రాబ్ లిండ్ సాక్సోఫోన్ ఆ గిటారుకు జతగా అదే స్వరపదాన్ని మోయడంలోనూ, బాబ్ బెన్నెట్ డ్రమ్ముల దెబ్బ పాటంతా ఎక్కడా సడలకపోవడంలోనూ ఉన్నది డాన్సు చేసేవాళ్ల అవసరమే. రెండున్నర, మూడు నిమిషాల్లో ముగిసే పాటలు కూడా అక్కడి నుంచి వచ్చినవే. గాయకుడు జెరీ రోస్లీ కేక మాత్రం ఏ అవసరంతోనూ పూర్తిగా వివరించలేనిది. అది అతని సొంతం, అందుకు ఆయనకు నమస్కరించడమొక్కటే నేను చేయగలిగింది.

ఈ ధ్వని ఒక్క సోనిక్స్‌దే కాదన్నది అభిమానులు పదే పదే చెప్పే మాట. టకోమాలో వీళ్లకు ముందు వెయిలర్స్ ఉన్నారు. రిచర్డ్ బెర్రీ 1957లో రికార్డు చేసిన 'లూయీ లూయీ' పాటను వెయిలర్స్ వాళ్లు 1961లో తమ సొంత ఎటికెట్ రికార్డ్స్ మీద విడుదల చేస్తే అది ఈ ప్రాంతపు హాళ్లన్నిటికీ పాకింది. పోర్ట్‌లండ్‌కు చెందిన కింగ్స్‌మెన్ 1963లో దాన్ని పాడి దేశమంతా వినిపించారు. ఆ ఎటికెట్ రికార్డ్స్‌ను నడిపిన వెయిలర్స్ బాసిస్ట్ బక్ ఆర్మ్స్‌బీయే సోనిక్స్‌ను విని, వాళ్ల చేత 1964లో 'ద విచ్' రికార్డు చేయించాడు. అంటే ఒక బ్యాండు నుంచి ఇంకొక బ్యాండుకు పాటలు, పరికరాలు, వాద్యగాళ్లు, వాయించే పద్ధతి చేతులు మారుతూ వచ్చాయి. ఆ మార్పిడి జరిగిన చోటు డాన్సు హాలే, ఎందుకంటే ఒక బ్యాండు ఏ పాటకు జనాన్ని లేపగలిగిందో ఇంకొక బ్యాండు వాళ్లు అక్కడే నిలబడి చూశారు.

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం వాళ్ల రికార్డులలోనే ఉంది. 1965 నాటి మొదటి ఆల్బమ్‌ను సియాటిల్‌లో కెర్నీ బార్టన్ అనే ఇంజనీరు రెండే ట్రాకుల టేపు మీద, మొత్తం డ్రమ్ములన్నిటికీ కలిపి ఒకే మైకు పెట్టి రికార్డు చేశాడు. ముప్ఫై ఏళ్ల తరువాత నిర్వాణా అనే రాక్ బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ ఆ డ్రమ్ముల ధ్వనిని మెచ్చుకుంటూ మాట్లాడింది ఆ ఒక్క మైకు గురించే. 1966లో రెండవ ఆల్బమ్‌కు టకోమాలోని ఒక చిన్న స్టూడియోకు వెళ్లినప్పుడు, అక్కడ గోడలకు ప్రతిధ్వని రాకుండా తగిలించిన తొడుగును బ్యాండు వాళ్లు పీకేశారు. గది ఖాళీ హాలులా మోగాలన్నదే వాళ్ల కోరిక. ఆ తరువాత వాళ్లు వేరే సంస్థకు మారి, హాలీవుడ్‌లోని పేరుమోసిన గోల్డ్ స్టార్ స్టూడియోలో మూడవ ఆల్బమ్ చేశారు. మంచి పరికరాలు, అనుభవమున్న మనుషులు, శుభ్రమైన ధ్వని అన్నీ ఉన్నా ఆ రికార్డు చప్పగా తేలింది. దాన్ని సభ్యులే తరువాతి కాలంలో తమదిగా చెప్పుకోవడానికి ఇష్టపడలేదు. వీళ్ల గొప్పతనం కేవలం వ్యక్తుల ప్రతిభలోనో తిరుగుబాటు మనస్తత్వంలోనో ఉండివుంటే హాలీవుడ్‌లోనూ అది వెలువడి ఉండేది. హాలుకు దూరమైతే ధ్వని కూడా పోయిందంటే, హాలే దానికి ఆధారమని ఒప్పుకోవాలి.

దీనికి ఒక బలమైన ఎదురువాదన ఉంది, దాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. సోనిక్స్‌ను బతికించింది టకోమా కాదు, దూరదేశాల రికార్డు సేకర్తలు అన్నదే ఆ వాదన. చాలామటుకు అది వాస్తవం. అసలు సభ్యులు చదువులకో వేరే బ్యాండులకో వెళ్లిపోయారు. రాబ్ లిండ్ వియత్నాం యుద్ధంలో ఫైటర్ పైలట్ అయ్యాడు, తరువాత ప్రయాణికుల విమానాలు నడిపాడు. రోస్లీ రోడ్లకు తారు పరిచే వ్యాపారం చేసుకున్నాడు. లారీ పరిపా బీమా రంగంలో స్థిరపడ్డాడు. 1972లో ఇదే పారమౌంట్‌లో ఒక్క రాత్రి కలిసి వాయించి, మళ్లీ ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఆ మధ్యకాలంలో ఈ పాటలను చేతి నుంచి చేతికి అందించింది యూరప్‌లోనూ అమెరికా పెద్ద నగరాలలోనూ ఉన్న గ్యారేజ్ రాక్ (ఇలాంటి మొరటైన, మెరుగులు దిద్దని పాత రాక్) ప్రేమికులే. రిచర్డ్ బెర్రీ పాట 'హ్యావ్ లవ్ విల్ ట్రావెల్'ను సోనిక్స్ పాడిన తీరు ఒక కారు ప్రకటన ద్వారా కొత్త తరానికి చేరింది. చివరికి 2007 నవంబరులో వాళ్లను మళ్లీ ఒక వేదిక మీదికి తెచ్చినది కూడా న్యూయార్క్ బ్రూక్లిన్‌లో జరిగిన కేవ్‌స్టాంప్ అనే గ్యారేజ్ రాక్ ఉత్సవమే; సొంత ప్రాంతం మరుసటి ఏడాదిదాకా వేచి ఉండవలసి వచ్చింది.

ఇదంతా ఒప్పుకుంటూనే నేను చెప్పేదేమిటంటే, ఒకదాన్ని కాపాడినవాళ్లు, దాన్ని పుట్టించినవాళ్లు వేర్వేరు కావచ్చు. సేకర్తల పట్ల నాకు కృతజ్ఞత ఉంది. నేను కూడా వాళ్ల దారినే ఈ పాటలకు చేరాను. కానీ కాపాడినవాళ్లు చరిత్ర రాసినప్పుడు, రికార్డు మీద ఉన్నదాన్ని మాత్రమే చరిత్రగా రాస్తారు. రికార్డుల మీద ఉన్నవాళ్లు అయిదుగురు యువకులు. హాలులో సగానికి సగం అమ్మాయిలు. ఏ పాటకు లేవాలో, ఏ పాటకు కూర్చోవాలో, ఏ పాటను మళ్లీ అడగాలో నిర్ణయించినవాళ్లలో ఆ అమ్మాయిలు ముఖ్యులు, అయినా వాళ్ల మాట గ్యారేజ్ రాక్ గురించిన పుస్తకాలలో దాదాపు వినిపించదు. మా పొరుగావిడకు సోనిక్స్ పాటల మాటలు సగం గుర్తులేవు, ఏ పాట ఏ రికార్డులో ఉందో అసలే తెలియదు. కానీ స్కేటింగ్ రింకు నేల మీద జారకుండా ఏ చెప్పులు వేసుకోవాలో, బ్యాండు ఆగి తిరిగి మొదలుపెట్టే ఆ క్షణంలో నేల కింది నుంచి దడ ఎలా వచ్చేదో, తొమ్మిది మైళ్ల అవతలి హాలుకు ఎవరి అన్నయ్య కారులో ఎంతమంది ఇరుక్కుని వెళ్లేవారో ఆమె వివరంగా చెబుతుంది. ఈ వివరాలు విన్నాక 'ద విచ్' మళ్లీ వింటే, పాట మధ్యలో బ్యాండు అంతా ఒక్కసారిగా ఆగే చోట్లు నాకు మొదటిసారి డాన్సుకు చెందినవిగా వినిపించాయి. అప్పటిదాకా అవి నాకు భయపెట్టే నాటకీయతగానే తోచేవి.

పారమౌంట్‌లో ఆ రాత్రి ఈ రెండు రకాల అభిమానులూ ఉన్నారు. హాలోవీన్ కాబట్టి వేషాలు వేసుకున్న యువకులు వేదిక దగ్గరకు చేరి ప్రతి మాటనూ తప్పులేకుండా పాడారు. వాళ్లలో చాలామంది ఈ బ్యాండు విడిపోయాక పుట్టినవాళ్లు. అరవై ఏళ్ల వయసువాళ్లు వెనకగా, జంటలుగా ఉన్నారు. పాట మొదలయ్యేసరికి ముందువాళ్లు ఎగిరారు, వెనకవాళ్లు డాన్సు చేశారు, ఆ రెండింటికీ తేడా చూడగానే తెలుస్తుంది. వెనకవాళ్లు ఒకరి వైపు ఒకరు తిరిగి, వేదిక వైపు చూడకుండా అడుగులు వేశారు. బ్యాండును చూడడానికి డబ్బు పెట్టి వచ్చి కూడా వాళ్లు బ్యాండు వైపు చూడకపోవడం నాకు మొదట వింతగా తోచింది, ఆపైన అదే ఆ బ్యాండుతో వాళ్లకున్న సరైన సంబంధమని అర్థమైంది. విరామంలో ఇద్దరు పెద్దవాళ్లు తాము ఈ బ్యాండును మొదట చూసినది ఒలింపియాలోనా, స్పానిష్ కాజిల్‌లోనా అని చాలాసేపు వాదించుకున్నారు. వాళ్ల వాదన తేలలేదు. ఏ హాలులో అన్నది తప్పయినా, హాలు గురించి వాదించుకోవడమన్నది వాళ్ల దృష్టిలో అసలు విషయమేమిటో చెబుతుంది.

పునఃకలయిక కచేరీల గురించి ఎప్పుడూ వచ్చే ఇంకొక ప్రశ్న, ఇది అసలు బ్యాండేనా అన్నది. ఆ రాత్రి అయిదుగురిలో ముగ్గురే పాతవాళ్లు: రోస్లీ, లారీ పరిపా, లిండ్. బాబ్ బెన్నెట్ లేడు, బాస్ వాయించిన ఆండీ పరిపా లేడు. శుద్ధవాదులకు ఇది లోపం. నాకు మాత్రం ఈ ప్రశ్న వినగానే మన సురభి గుర్తుకొస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైన ఆ నాటక సమాజంలో తరాలు మారాయి, కుటుంబాలు శాఖలయ్యాయి, మాయాబజార్‌లో ఘటోత్కచుడు వేసినవాళ్లు ఎందరో మారారు. అయినా ముందు వరుసలో కూర్చున్న ముసలాయన అది సురభి కాదని అనడు, ఎందుకంటే తెర లేచే తీరు, పద్యం ఎత్తే తీరు అతనికి తెలిసినవే. సోనిక్స్ విషయంలోనూ కొలమానం అదే కావాలి. డ్రమ్ముల ముందు ఆ రాత్రి కూర్చున్న రికీ లిన్ జాన్సన్ వెయిలర్స్‌లో వాయించినవాడు. అంటే ఏ బ్యాండు నుంచి సోనిక్స్ తమ పద్ధతి నేర్చుకున్నారో ఆ ఇంటి మనిషే. దీనికి విరుద్ధంగా, అసలు సభ్యులంతా వెళ్లిపోయాక కూడా 1970లలో పూర్తిగా కొత్త మనుషులతో సోనిక్స్ పేరు కొంతకాలం నడిచింది. దాన్ని ఎవరూ ఈనాడు తలచుకోవడం లేదు. పేరు మిగలడానికి కాగితం చాలు గానీ, బ్యాండు మిగలాలంటే ఆ వాయింపును గుర్తుపట్టే జనం ఉండాలి.

అభిమానుల జ్ఞాపకం సరైనదని ఇంతసేపు అన్నాను కాబట్టి, అది ఎక్కడ పొరబడుతుందో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే. నేను మాట్లాడిన పెద్దవాళ్లలో చాలామంది ఈ సంగీతం తమ ఊరి గాలిలో పుట్టిందన్నట్టు మాట్లాడతారు. అది నిజం కాదు. సోనిక్స్ మొదటి ఆల్బమ్‌లో సగానికి పైగా నల్లజాతి గాయకుల పాటలే. రోస్లీ కేక లిటిల్ రిచర్డ్ కేకను విని పెరిగిన గొంతు నుంచి వచ్చింది. ఈ ప్రాంతపు జాతీయగీతంలా మారిన 'లూయీ లూయీ' లాస్ ఏంజెలెస్‌కు చెందిన రిచర్డ్ బెర్రీది. ఆ బెర్రీ తన పాట హక్కులను 750 డాలర్లకు అమ్ముకుని, 1980లలో గాని వాటిలో తన వాటా తిరిగి పొందలేకపోయాడు. అదే పాటకు ఇక్కడి హాళ్లలో వేలమంది ఊగుతున్నప్పుడు ఆ డబ్బులో ఆయనకు చేరినది దాదాపు ఏమీ లేదు. తమ హాళ్లను ప్రేమగా గుర్తుచేసుకునే అభిమానులు ఈ విషయాన్ని కూడా తలచుకోవాలని నేను కోరుకుంటాను. ఊరి బ్యాండు అన్నమాటకు అర్థం ఆ ఊరు బయటి నుంచి ఏమీ తీసుకోలేదని కాదు.

హాళ్లు పోయిన తరువాత ఏమైందన్నది కూడా ఈ వాదనలో భాగమే. 1985లో సియాటిల్ నగరం మైనర్ల డాన్సుల మీద ఒక శాసనం చేసింది. పెద్ద మొత్తంలో బీమా, డ్యూటీలో లేని పోలీసుల కాపలా, వయసు పరిమితులు వంటి షరతులు పెట్టడంతో మామూలు మనుషులు పిల్లలకు డాన్సు నిర్వహించడం దాదాపు అసాధ్యమైంది. 2002లో దాన్ని రద్దు చేసి వేరే నియమాలు తెచ్చేదాకా, పదిహేడేళ్ల పాటు, ఈ నగరంలో పెరిగిన పిల్లలకు శనివారం రాత్రి హాలు అన్నది తల్లిదండ్రుల కథల్లో మాత్రమే ఉంది. గొప్ప సంగీతం ఆ కాలంలోనూ ఇక్కడి నుంచి వచ్చింది, ప్రపంచమంతా విన్నది. అయితే అది ఎక్కువగా ఇరవయ్యొక్క ఏళ్లు దాటినవాళ్ల క్లబ్బుల నుంచి వచ్చింది, దానికి జనం నిలబడి తల ఊపారు గాని జంటగా అడుగులు వేయలేదు. పంక్‌కు పూర్వికులు అన్న బిరుదు సోనిక్స్‌కు తగిలించినవాళ్లు ఈ తరువాతి కాలపు శ్రోతలే కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. తమకు తెలిసిన సంగీత సభ ఎలా ఉంటుందో, పాత సంగీతాన్నీ వాళ్లు ఆ సభలోనే ఊహించుకున్నారు.

2015లో సోనిక్స్ కొత్త ఆల్బమ్ తెచ్చారు, స్టీరియో కాకుండా మోనోలోనే, పాత పద్ధతిలోనే. అది బాగుంది కూడా. కానీ కాలం ఎవరి కోసమూ ఆగలేదు. వెయిలర్స్ గాయకుడు కెంట్ మోరిల్ 2011లో, కెర్నీ బార్టన్ 2012లో, బక్ ఆర్మ్స్‌బీ 2016లో, పాట్ ఓడే 2020లో కన్నుమూశారు. వీళ్లలో చాలామంది మాటలు ఏదో ఒక రూపంలో నమోదయ్యాయి, ఎందుకంటే వీళ్లు వేదిక మీదివాళ్లు, మైకు ముందువాళ్లు. వేదిక కిందివాళ్ల మాటలే నమోదు కాకుండా మిగిలిపోతున్నాయి. టకోమా పబ్లిక్ లైబ్రరీలో ఈ ప్రాంతపు చరిత్ర కోసమే ఒక విభాగం ఉంది. సియాటిల్‌లోని పాప్ సంస్కృతి మ్యూజియం సంగీతకారుల మౌఖిక చరిత్రలను ఏళ్లుగా సేకరిస్తోంది. ఆ రెండు చోట్లా డాన్సు చేసినవాళ్ల జ్ఞాపకాలకు ఒక అర ఖాళీ చేయాలని నేను కోరుతున్నాను. వాళ్లను బ్యాండు గురించి అడగనక్కరలేదు. ఏ హాలుకు వెళ్లారు, టికెట్టు ఎంత, ఎవరు తీసుకెళ్లారు, ఇంటికి ఎన్నింటికి చేరాలి, ఏ పాటకు లేచారు, ఆ పాటకు అడుగులు ఎలా వేశారు అని అడిగితే చాలు. అడుగులు గుర్తున్నవాళ్లు లేచి చూపిస్తారు కాబట్టి, ఒక వీడియో కెమెరా కూడా ఉండాలి. ఆ వయసువాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గర పడుతున్నారు. మా పొరుగావిడ సిద్ధంగా ఉంది.